తిరుపతి వీధుల్లో ఇష్టమైన పాట అడిగితే జనం ఎందుకు తప్పుకుంటారు?

తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "నేనూ నా స్నేహితుడూ ఫోను పట్టుకుని బస్టాండు దగ్గర, గాంధీ రోడ్డులో దారిన పోయేవారిని ‘మీకు బాగా ఇష్టమైన పాట ఏది?’ అని అడుగుతున్నాం. ఎక్కువ మంది చేయి ఊపి వెళ్లిపోతున్నారు. ఆగినవారు కూడా స్వామివారి పాటో, ఈ నెలలో విడుదలైన సినిమా పాటో చెప్పి కదిలిపోతున్నారు. మేం ఎక్కడ తప్పు చేస్తున్నాం?"

మీ ప్రశ్న చదవగానే పాత నోటు పుస్తకాలు బయటికి తీశాను. ఈ ఊళ్లోనే ఒక కళాశాలలో తెలుగు పాఠాలు చెబుతూ, పద్దెనిమిదేళ్ల పాటు ఏటా విద్యార్థులను వెంటబెట్టుకుని తిరుపతి వీధుల్లో, చిత్తూరులో మీరు అడిగే ప్రశ్ననే అడిగాను. మొదట్లో క్యాసెట్ రికార్డరు ఉండేది, తర్వాత ఫోను వచ్చింది. నోటు పుస్తకం మాత్రం ఎప్పుడూ ఉంది. మొదటి రెండేళ్లు నాకూ మీకు ఎదురైనదే ఎదురైంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు చేయి ఊపి వెళ్లిపోయేవారి సంగతి చూద్దాం. ఒకసారి చేత్తో పెట్టె పట్టుకుని యాత్రికుడిలా బస్టాండు నుంచి రైల్వే స్టేషను వైపు నడవండి. "రూము కావాలా సార్", "కాణిపాకం, కాళహస్తి వెళ్తారా", "కొండకు జీపు ఉంది, ఇద్దరే తక్కువ" అంటూ పది అడుగులకొకరు ఎదురొస్తారు. ముగ్గురిని దాటేసరికి యాత్రికుడి చేయి దానంతట అదే ఊగడం అలవాటు చేసుకుంటుంది. ఆయనకు మీరు నాలుగో మనిషి. మీ నోట పాట అనే మాట వచ్చేలోపే ఆయన దాటిపోయి ఉంటాడు. పైగా దర్శనానికి ఇచ్చిన సమయం దగ్గర పడుతుంటుంది, భుజం మీద పిల్ల నిద్రపోతుంటుంది, చెప్పులు ఎక్కడ వదలాలో తెలియదు. అటువంటి మనిషిని ఆపడం ఆయనకు కష్టం, మీకు నష్టం. నడిచేవారిని వదిలేయండి. కూర్చున్నవారి దగ్గరకు వెళ్లి, అనుమతి అడిగి, మీరూ కూర్చోండి. రైలు కోసం ఎదురుచూసేవారు, గోవిందరాజస్వామి కోనేటి పక్కన నీడలో కూలబడినవారు, బేరం లేని వేళ దుకాణం అరుగు మీద ఉన్నవారు, ఆటో నిలుపు చోట వరుసలో తమ వంతు కోసం చూసే డ్రైవర్లు, వీరందరి దగ్గరా కాలం ఉంటుంది. పాట గుర్తుకు రావడానికి కావలసింది ఆ కాలమే.

అలిపిరి మెట్ల దారిలో అడగాలనిపిస్తే, 3,550 మెట్లలో ఎక్కడ అడుగుతారన్నది చూసుకోండి. ఎక్కేటప్పుడు ఊపిరి గోవింద నామానికే చాలదు. గాలిగోపురం దగ్గర అందరూ ఆగి నీళ్లు తాగుతారు. అక్కడ అయితే వారే మాట కలుపుతారు. కొండ మీద గుడి పరిసరాల్లో ఫోను తీయవద్దు. గుడిలోకి ఫోన్లు అనుమతించరు, బయట వీడియోలు తీయడం మీద కూడా ఆంక్షలు ఉన్నాయి. గంగజాతర వారంలో వేషం వేసుకున్నవారినీ అడగవద్దు. వారు మొక్కులో ఉంటారు.

ఇక ప్రశ్న. "బాగా ఇష్టమైన పాట" అన్నప్పుడు మీరు ఎదుటివారిని జీవితంలో విన్న పాటలన్నీ వరుసగా నిలబెట్టి ఒకదానికి మొదటి బహుమతి ఇవ్వమంటున్నారు. అదీ నడివీధిలో, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు, అర నిమిషంలో. అలా తేల్చి పెట్టుకున్న జవాబు ఎవరి దగ్గరా సిద్ధంగా ఉండదు. అందుకే చెవిలో చివరగా పడిన పాటను చెప్పి బయటపడతారు. 2011లో న్యూయార్క్ వీధుల్లో ఒక యువకుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచేవారిని ఆపి "ఇప్పుడు ఏ పాట వింటున్నారు?" అని అడిగిన వీడియో చాలా దేశాలు తిరిగింది. ఆ ప్రశ్నలో ఎంపిక చేయవలసిన పని లేదు. చెవిలో ఉన్నది చెబితే చాలు, కనుక జనం నవ్వుతూ చెప్పారు. మన వీధుల్లో ఇయర్‌ఫోన్లతో నడిచేవారు కళాశాలల చుట్టుపక్కల తప్ప తక్కువ. మనకు మన ప్రశ్నలు కావాలి.

నాకు పనికొచ్చిన ప్రశ్నలు ఇవి: "ఈ మధ్య మీ నోట్లో ఆడుతున్న పాట ఏదైనా ఉందా?" "మీ ఇంట్లో పెద్దవాళ్లు పాడిన పాట ఏదైనా గుర్తుందా?" "పిల్లల్ని నిద్రపుచ్చడానికి ఏం పాడేవారు?" వీటిలో ఏదీ మనిషిని పరీక్షకు నిలబెట్టదు. ఒక గదిలోకో, ఒక మనిషి దగ్గరకో తీసుకెళ్తుంది. అక్కడ పాట దానంతట అదే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే ఆమె పక్కన కూర్చున్నాను. అరవై దాటిన మనిషి. ముందు తడిగుడ్డ మీద కనకాంబరాలు, మల్లెలు వేరువేరు కుప్పలుగా పోసి ఉన్నాయి. "అక్కా, మీకు ఇష్టమైన పాట ఏది?" అని అడిగాను. అప్పటికి నాకూ ఈ పని కొత్త. "నాకు పాటలేం తెలుసమ్మా, పూలు కట్టుకునేదాన్ని" అంది. నేను వెళ్లిపోవలసింది, కానీ ఎండకు లేవబుద్ధి కాక కూర్చుండిపోయాను. చేతులు చూస్తున్నాను. రెండు మల్లెలు అటు, రెండు ఇటు, దారం తిప్పి ముడి, మళ్లీ రెండు అటు. కాసేపటికి "మా ఊళ్లో మా అమ్మ నాట్లకు పోయేటప్పుడు మల్లెలు పెట్టుకునేది కాదు, మడిలో పడిపోతాయని దాచేది" అని నాతోనో పూలతోనో అంది. "నాట్లప్పుడు ఏం పాడేవారు?" అని అడిగాను. ఆమె తల ఎత్తలేదు. గొంతు చాలా చిన్నగా మొదలైంది. పండుగకు చెల్లెలిని పిలుచుకుపోవడానికి అన్న వస్తున్నాడని, వాడికి దారిలో అడ్డుపడిన ఏటి సంగతి. ప్రతి చరణం చివర ముడి పడుతోంది. పాట వేగాన్ని ముడి పట్టుకుందో, ముడి వేగాన్ని పాట పట్టుకుందో ఇప్పటికీ చెప్పలేను. మధ్యలో ఒకామె వచ్చి "మూర ఎంత?" అని అడిగితే పాట ఆపి, ధర చెప్పి, మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి ఇచ్చి, చిల్లర గోనె కింద పెట్టి, ఆగిన మాట దగ్గరి నుంచే మళ్లీ అందుకుంది. పాట పూర్తయ్యాక "ఇది పాటా అమ్మా, పని" అంది.

ఆ మాట నా ప్రశ్నల పద్ధతినే మార్చేసింది. మన దగ్గర పెద్దవాళ్లలో చాలామందికి పాట అంటే సినిమా పాట, లేదా గుడిలో పాడేది. తమ నోట్లో ఉన్నదాన్ని పాట అనుకోరు. నాట్ల పాట పని, జోలపాట పిల్లల పని, మంగళహారతి పూజ, పద్యం నాటకం. కాబట్టి "పాట" అని అడిగితే తమకు ఏమీ రాదని నిజాయితీగా చెబుతారు. పని పేరు చెప్పి అడగండి.

మూడోది, మీరు చెప్పిన భక్తి పాటల సమస్య. ఇది తిరుపతికి ప్రత్యేకమైనది. కొండ కనిపించే చోట నిలబడి ఇష్టమైన పాట అడిగితే మనిషి ముందు స్వామిని తలుచుకుంటాడు. దాన్ని తప్పించుకునే జవాబుగా చూడవద్దు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో 1963లో రికార్డయిన సుప్రభాతం వింటూ నిద్రలేచిన ఇళ్లు లక్షల్లో ఉన్నాయి. దాన్ని పాట అనవచ్చా, స్తోత్రం కదా అని మీ స్నేహితుడు వాదించవచ్చు. వాదించనివ్వకండి. చెప్పినది చెప్పినట్టు రాసుకోండి. రాసుకున్నాక నోటు పుస్తకం మూయకుండా రెండో ప్రశ్న వేయండి: "అది అందరి పాట కదా. మీ ఒక్కరి పాట ఏదైనా ఉందా?"

తీర్థకట్ట వీధిలో ఒక రిటైర్డ్ బస్సు కండక్టరు మొదటి ప్రశ్నకు అన్నమయ్య కీర్తన చెప్పారు, చేతులు జోడించి మరీ. రెండో ప్రశ్నకు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక మామూలు సినిమా పాట పేరు చెప్పి, "నిజానికి ఆ పాట నాకు పెద్దగా నచ్చదమ్మా" అన్నారు. పీలేరు వైపు రాత్రి సర్వీసులో ఆయనతో తొమ్మిదేళ్లు పనిచేసిన డ్రైవరు, భాకరాపేట ఘాటులో కళ్లు మూతపడకుండా ఆ ఒక్క పాటనే పాడేవాడట. శ్రుతి ఉండేది కాదట. ఆ డ్రైవరు ఇప్పుడు లేడు. "ఇంట్లో టీవీలో ఆ పాట వస్తే మా ఆవిడ శబ్దం పెంచుతుంది, నేను అడగక్కర్లేదు" అన్నారు. ఆ జవాబు మీ మొదటి ప్రశ్నకు ఎన్నటికీ వచ్చేది కాదు. నచ్చని పాటను ఇష్టమైన పాటగా ఎవరు చెబుతారు?

అన్నమయ్య ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక విషయం తెలుసుకుని వెళ్లండి, మీ సంభాషణలకు ఉపయోగం. 1408 నుంచి 1503 వరకు జీవించిన అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో ఉండిపోయాయి. అవి వెలుగు చూసి అచ్చులోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. రేకుల మీద ప్రతి కీర్తనకూ రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. ఇవాళ మనం పాడుకునే బాణీల్లో ఎక్కువ భాగం రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ వంటి విద్వాంసులు కట్టినవి. "వినరో భాగ్యము విష్ణుకథ" బాణీ గరిమెళ్ల వారిది. అంటే ఒక డెబ్బై ఏళ్ల తల్లి "మా తాతల నాటి నుంచి వస్తున్న పాట" అని ఒక కీర్తన చెబితే, మాటలు నిజంగానే అంత పాతవి. ఆ బాణీ మాత్రం ఆమె పెళ్లయి వచ్చాక రేడియోలోనో క్యాసెట్టులోనో ఆమె జీవితంలోకి వచ్చి ఉండవచ్చు. ఆమె మాటను సరిదిద్దవద్దు. "మొదటిసారి ఎక్కడ విన్నారమ్మా?" అని అడగండి. వంటింట్లో అలమర మీది రేడియో, దాన్ని కొనిచ్చిన తమ్ముడు, ఆ తమ్ముడు గల్ఫ్‌కు వెళ్లిన సంవత్సరం, అన్నీ వస్తాయి. నాకు తెలిసిన ప్రశ్నల్లో ఇంత దూరం తీసుకెళ్లే ప్రశ్న మరొకటి లేదు. దీనికి మినహాయింపు జోలపాటలు. "జో అచ్యుతానంద" లాంటివి నోటి నుంచి నోటికే ఇళ్లల్లో బతికాయి. వాటి బాణీ ఇంటింటికీ కాస్త మారుతుంది, కాబట్టి తప్పకుండా పాడించుకోండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. మీరు నిలబడిన చోట మైకులో ఏ పాట వస్తోందో ముందు వినండి. మూడో ఏడాది నా విద్యార్థులు ఒక పూట తెచ్చిన జవాబుల్లో సగానికి సగం ఒకే కీర్తన ఉంది. సంబరపడ్డాం. తర్వాత వెళ్లి చూస్తే వారు నిలబడిన చోటికి ఎదురుగా పూజా సామగ్రి దుకాణంలో అదే కీర్తన తిరిగి తిరిగి వస్తోంది. మీరు విన్న "ఈ నెల సినిమా పాట" కూడా ఏ టీ దుకాణం నుంచి వచ్చిందో చూడండి. మోత లేని వీధిలోకి యాభై అడుగులు లోపలికి వెళ్తే జవాబులు మారిపోతాయి. గుంపును అడిగినా ఇదే జరుగుతుంది. నలుగురు స్నేహితుల్లో మొదటివాడు చెప్పిన పాటే మిగతా ముగ్గురూ చెబుతారు. కాగితం ఇచ్చి నలుగురినీ విడివిడిగా రాయమనండి.

వయసు అడగడం మొహమాటం అనుకుంటే "పదో తరగతి ఏ సంవత్సరం?" అని అడగండి. చదువుకోనివారిని "పెళ్లి ఎప్పుడయింది?" అని అడగవచ్చు. మనిషికి గట్టిగా పట్టుకునే పాటలు దాదాపు పదేళ్ల వయసు నుంచి పాతికేళ్ల దాకా విన్నవని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. 1960లో పుట్టినవారిని అడిగేటప్పుడు 1970 నుంచి 1985 దాకా రేడియోలో ఏం వచ్చేదో తెలుసుకుని వెళ్తే మీ సంభాషణ సగం నడిచినట్టే. ఆ తరం వారి దగ్గర వివిధ భారతి పేరెత్తండి. ఇంకా పెద్దవారైతే సిలోన్ రేడియో తెలుగు కార్యక్రమాలు, వాటి వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గొంతు గుర్తుచేయండి. నేను ఆ పేరు చెప్పగానే వాలుకుర్చీలో లేచి కూర్చున్నవారు ఉన్నారు. అయితే మీ తోటివారు తమ వయసు పాటలే చెబుతారని అనుకోవద్దు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ క్రుమ్‌హాన్స్‌ల్ మరో పరిశోధకుడితో కలిసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఇరవై ఏళ్ల యువతకు తమ తల్లిదండ్రుల యౌవనకాలపు పాటలతోనూ జ్ఞాపకాలు గట్టిగా ముడిపడి ఉన్నాయని తేలింది. ఇంట్లో పెద్దవాళ్లు పెట్టుకున్న పాటలు పిల్లలవి కూడా అవుతాయి. విశ్వవిద్యాలయం గేటు దగ్గర ఒక అమ్మాయి తను పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందటి ఘంటసాల పాట చెబితే, గొప్ప కోసం చెబుతోందని మీరు అనుమానించకూడదని ఇది రాస్తున్నాను. నాన్న స్కూటరు వెనక కూర్చుని విన్న పాట అయి ఉండవచ్చు.

చిత్తూరు వెళ్తే పద్ధతి కొంచెం మార్చుకోవాలి. అక్కడి బెల్లం మండీలో బస్తాలు మోసే ఒకాయన నా ప్రశ్న విని మొహమాటంగా "తెలుగు పాటే చెప్పాలా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు నేను సిగ్గుపడ్డాను, ఎందుకంటే అప్పటిదాకా ఆ ఊళ్లో ఎంతమంది ఆ మాట అడగకుండానే "పాటలు రావు" అని వెళ్లిపోయారో నాకు తెలియదు. వేలూరు పక్కనే. చిత్తూరు, నగరి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతాల్లో ఇంట్లో తమిళం, బజారులో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. కుప్పం దాకా వెళ్తే కన్నడం కూడా కలుస్తుంది. చిన్ననాటి పాట ఇంటి భాషలో ఉంటుంది. అందుకే మొదటి మాటగానే "ఏ భాష పాటైనా సరే అన్నా" అని చెప్పేయండి. అర్థం తెలియకపోయినా రాసుకోండి, వారినే అర్థం చెప్పమనండి. చెప్పేటప్పుడు వారి ముఖంలో వచ్చే వెలుగు చూస్తే మీకు ఆ పాట సగం అర్థమవుతుంది.

ఆ జిల్లా పల్లెల్లో మరొకటి ఉంది. ధర్మరాజుల గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, మధ్యలో అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, చివర దుర్యోధన వధ, అగ్నిగుండం. చిత్తూరు బస్టాండులో ఒక పెద్దాయనను ఇష్టమైన పాట అడిగితే "పద్యం పనికిరాదా?" అన్నారు. యౌవనంలో అర్జునుడి వేషం కట్టిన మనిషి. మాను మీద ఎక్కి పద్యాలు పాడిన రోజుల గురించి చెబుతూ ఒక పద్యం ఎత్తుకున్నారు. పాడుతున్నంతసేపూ ఆయన చూపు కిందికే ఉంది, మా పాదాల వైపు. కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. ఆయన పైన ఉన్నాడు, జనం కింద ఉన్నారు. ఎడమ చేయి మానును పట్టుకున్నట్టు బెంచీ కమ్మిని గట్టిగా పట్టుకుని ఉంది. ఆయన ఎక్కవలసిన బస్సు వచ్చి వెళ్లిపోయింది. పద్యం మధ్యలో ఆపడం ఆయనకు చేతకాలేదు. నాకూ ఆపాలనిపించలేదు. ఇటువంటి చోట పాట, పద్యం అనే గీత గీస్తే మీరు చాలా పోగొట్టుకుంటారు. చిత్తూరుకు నాటకంతో ఉన్న బంధం చిన్నది కాదు. పాత తరం నటుడు, గాయకుడు చిత్తూరు నాగయ్య 1904లో పుట్టింది రేపల్లెలో. ఇంటిపేరులా ఆయనకు ముందు నిలిచిన చిత్తూరు మాత్రం ఆయన పెరిగి, నాటకాలాడిన ఊరు. వృద్ధులను ఆ పేరుతో కదిలించి చూడండి.

ఇప్పుడు నేను ఎక్కువగా బాధపడే విషయానికి వస్తాను. మీరు వీడియో తీస్తున్నారు. ఒక ఏడాది మా విద్యార్థి ఒకడు ఇస్త్రీ బండి ఆయన పాడిన పాటను రికార్డు చేశాడు. బొగ్గుల పెట్టె బరువుగా జరుపుతూ, చొక్కా కాలరు దగ్గర ఆగి, మళ్లీ అందుకుంటూ పాడారు. పై స్థాయిలో గొంతు విరిగింది. మాకు అది ఎంతో నచ్చింది. మా విద్యార్థి దాన్ని ఒక వీడియో ఛానెల్‌కు ఇచ్చాడు. వారు గొంతు విరిగిన చోట నవ్వుల శబ్దం కలిపి వదిలారు. వీధి వీధంతా చూసింది. తర్వాతి నెల మేం వెళ్తే ఆయన ఇస్త్రీ పెట్టె కింద పెట్టి, నమస్కారం పెట్టి, "వద్దమ్మా" అన్నారు. బతిమాలి ఆ వీడియో తీయించాం. ఆయనను క్షమాపణ అడిగాం, ఆయన క్షమించారు కూడా. బండి దగ్గర మాత్రం మళ్లీ పాడగా ఎవరూ వినలేదని పక్క దుకాణం వారు చెప్పారు. ఒక మనిషి రోజూ పాడుకునే పాటను మేం ఆపేశాం. ఇది జరిగి చాలా ఏళ్లయినా నాకు మనసులో తగ్గలేదు.

అందుకే నేను పెట్టుకున్న నియమం చెబుతాను, మీరూ పెట్టుకోండి. ఫోను ముందుగా తీయవద్దు. మాట అయ్యాక, పాట వచ్చాక, "ఇది రికార్డు చేసుకోవచ్చా? నలుగురూ చూస్తారు, సరేనా?" అని రెండు ప్రశ్నలుగా అడగండి. రికార్డుకు ఒప్పుకున్నవారు నలుగురికీ చూపడానికి ఒప్పుకున్నట్టు కాదు. తీసింది అక్కడికక్కడే వారికి చూపండి. వద్దంటే వారి కళ్ల ముందే తుడిచేయండి. పేరు అవసరం లేదు, ఊరు, చేసే పని చాలు. పిల్లలైతే పక్కన పెద్దవాళ్లు లేకుండా తీయనే వద్దు. డిజిటల్ వ్యక్తిగత సమాచారానికి సంబంధించి 2023లో వచ్చిన చట్టం కూడా 18 ఏళ్ల లోపువారి విషయంలో తల్లిదండ్రుల అనుమతి కోరుతుంది.

హక్కుల సంగతి కూడా కొంత తెలిసి ఉండాలి. మన దేశంలో పాట రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. సాహిత్యం మీద రచయిత మరణించాక 60 ఏళ్లు ఉంటుంది. అన్నమయ్య మాటలు అందరివీ, కానీ ఈ కాలపు బాణీ, రికార్డింగు అలా కావు. వీధిలో మనిషి తన గొంతుతో రెండు చరణాలు పాడితే సాధారణంగా చిక్కు రాదు. వెనక దుకాణంలో వస్తున్న అసలు రికార్డింగు మీ వీడియోలోకి దూరితే మాత్రం అది ఆగిపోయే అవకాశం ఎక్కువ. మోత లేని చోటు వెతుక్కోమనడానికి ఇది మరో కారణం.

పరికరాల గురించి పెద్దగా చెప్పేది లేదు. చొక్కాకు తగిలించే చిన్న మైకు ఉంటే చాలు. లేకపోతే ఫోనును వారి గుండె ఎత్తున, పిడికిలి దూరంలో పట్టుకోండి, ముఖం ముందు పెట్టవద్దు. ఎదురుగా నిలబడకుండా పక్కన కూర్చోండి. ఇద్దరూ వీధి వైపు చూస్తూ మాట్లాడుకుంటే మొహమాటం పోతుంది. అడిగాక మాట్లాడకండి. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. పదిలోపు మీకే ఇబ్బందిగా ఉంటుంది, పదిహేను దగ్గర వారు గొంతు సవరించుకుంటారు.

ఒక్కటి మాత్రం మరచిపోకండి. అడిగే ముందు మీ పాట మీరు చెప్పాలి. "మా అవ్వ ఈ పాట పాడేది, రెండో చరణం నాకు గుర్తులేదు, మీకేమైనా తెలుసా?" అని మొదలుపెట్టి చూడండి. వీలైతే ఒక పంక్తి పాడండి, గొంతు బాగుండకపోయినా ఫర్వాలేదు. పిలవని పేరంటానికి వచ్చిన మనం వట్టి చేతులతో వెళ్లకూడదు కదా. మీరు ఒక పంక్తి పాడితే ఎదుటివారికి ధైర్యం వస్తుంది, పైగా మీరు రూము అమ్మడానికి రాలేదని నమ్మకం కుదురుతుంది. నా విద్యార్థుల్లో సిగ్గుతో ఈ పని చేయలేకపోయినవారు ఎప్పుడూ తక్కువ పాటలే తెచ్చారు.

శనివారం కాకుండా చూసుకుని, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య గోవిందరాజస్వామి గుడి దగ్గరకు వెళ్లండి. ఆ వేళ బేరాలు పలుచగా ఉంటాయి. పూల వరుసలో నేను చెప్పిన ఆమె ఇప్పుడు కూర్చోవడం లేదు, మోకాళ్లు సహకరించడం లేదట. ఆమె కోడలు కూర్చుంటోంది. అత్త పాట ఆమెకూ వచ్చు. ముందు ఒక మూర పూలు కొనండి, కూర్చోవడానికి చోటు ఆమే చూపిస్తుంది.